వినికిడి దూరం

మా మెరకపేటలో చట్టం తెలియనివాడు ఒక్కడూ లేడని ప్రభుత్వం ఒప్పుకున్న రోజున నాకు శాలువా కప్పుతామన్నారు. ఆ శాలువా ఇంతవరకూ అందలేదు. ఎందుకు అందలేదో చెప్పాలంటే ఇడ్లీ బండి సంగతి చెప్పాలి. ఇడ్లీ బండి సంగతి చెప్పాలంటే న్యాయ చైతన్య మహోద్యమం సంగతి చెప్పాలి. తొందరేం లేదు, అన్నీ చెబుతాను. మాట్లాడటమే నా వృత్తి.

నా పేరు అబ్బులు. ఊళ్ళో మైకు అబ్బులంటారు. ఆటో మీద రెండు లౌడ్‌స్పీకర్లు కట్టుకుని వీధులెంట తిరిగేది నేనే. కొత్త సినిమా వచ్చినా, చీరల కొట్లో తగ్గింపు పెట్టినా, కుళాయి నీళ్ళు బందయినా, పిల్లాడు తప్పిపోయినా, ఎవరైనా పెద్దాయన కాలం చేసినా ఊరికి ముందు చెప్పేది నా గొంతే. నా ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. టీ కొట్టు దగ్గర నోరు తెరిస్తే మాత్రం పక్కనున్నవాడు ఉలిక్కిపడి, ఎవరు పోయారండీ అని అడుగుతాడు.

అలాంటి నాకు ఒకరోజు మున్సిపల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి ప్రత్యేకాధికారి ధర్మలింగం గారు కుర్చీలో ఉన్నారు. మహోద్యమాన్ని మా ఊళ్ళో నడిపించడానికి జిల్లా కేంద్రం నుంచి దిగిన మనిషి. ఆయన మామూలుగా మాట్లాడినా కాగితం చూసి చదువుతున్నట్టే ఉంటుంది.

"అబ్బులూ, చట్టం తెలియదని చెప్పి పౌరుడు తప్పించుకోజాలడు. ఇది ప్రాథమిక సూత్రం. కావున పౌరునికి చట్టం తెలియజేయుట మన బాధ్యత. తెలియజేసితిమని నిరూపించుకొనుట అంతకంటే ముఖ్యమైన బాధ్యత," అన్నారాయన.

ఆ నిరూపించడం దగ్గరే ఇబ్బంది వచ్చింది. అంతకుముందు ఒక పరీక్ష పెట్టి చూశారట. జనాన్ని కల్యాణ మండపంలో కూర్చోబెట్టి చట్టం మీద ప్రశ్నలిచ్చారు. జనం తప్పారు. జనం కాపీ కొట్టకుండా చూడటానికి వచ్చిన ఉద్యోగులకు కూడా, ఊరికే కూర్చోవడం ఎందుకని, అదే కాగితం ఇచ్చారు. వాళ్ళూ తప్పారు. దాంతో పరీక్ష అనే పద్ధతి ఉద్యమ స్ఫూర్తికి విరుద్ధమని తేల్చి, ధర్మలింగం గారు తనే ఒక ఉత్తర్వు తయారు చేసి పై నుంచి ఆమోదం తెప్పించుకున్నారు. అది నాకు బట్టీ వచ్చేసింది, వినండి:

"వినికిడి దూరములో నున్న ప్రతి వ్యక్తీ సదరు ప్రకటన విన్నవాడుగానూ, విన్న ప్రతి వ్యక్తీ సదరు చట్టము తెలిసినవాడుగానూ, తెలిసిన ప్రతి వ్యక్తీ తెలియదని చెప్పు అర్హత కోల్పోయినవాడుగానూ భావింపబడును."

అంటే నా ఆటో తిరిగిన వీధికి చట్టం వచ్చేసినట్టే. ఎవరికి అర్థమైంది, ఎవరికి కాలేదు అన్న గొడవ లేదు.

మరి వినికిడి దూరం ఎంత? దాన్ని శాస్త్రీయంగా కొలిచారు. హైస్కూలు మైదానంలో నన్ను మైకు పట్టుకుని నిలబెట్టి, మున్సిపల్ అటెండరు కోదండానికి ఎర్ర తువ్వాలు ఇచ్చి, నా గొంతు వినపడుతున్నంత దూరం తువ్వాలు ఊపుతూ నడవమన్నారు. ఎక్కడ ఊపడం ఆపితే అక్కడ గుంజ పాతాలి. కోదండం ఊపుకుంటూ మైదానం దాటాడు, రైస్ మిల్లు దాటాడు, కాలవ వంతెన దాటాడు. అవతలి గట్టున టీ కొట్టులో బల్ల మీద కూర్చుని కూడా కాసేపు ఊపి, టీ గ్లాసు అందుకోవడం కోసం ఆపాడు. అతనికి అంతదూరం వినపడిందో, టీ తాగాలనిపించిందో నాకు తెలియదు. గుంజ మాత్రం టీ కొట్టు ముందు పాతారు.

చదవడానికి నాకు రెండు కట్టలిచ్చారు. మొదటి భాగంలో ప్రజలు చేయకూడనివి ఉన్నాయి. రోడ్డు మీద అడ్డు పెట్టరాదు, ఉమ్మరాదు, గుమికూడరాదు, పెద్దగా మాట్లాడరాదు, ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించరాదు. రెండో భాగంలో అధికారులు చేయవలసినవి ఉన్నాయి. అది పల్చటి కట్ట. దాన్ని విప్పబోతే ధర్మలింగం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అది చదవనవసరం లేదు. అధికారులకు సంబంధించిన విషయం ప్రజలకు చదివి వారి సమయం వృథా చేయరాదు."

"మరి అధికారులకి ఎప్పుడు చదవమంటారండీ?"

"వారికి తెలియును," అన్నారాయన.

అంత పెద్ద ఆఫీసరు చెప్పాక ఇక నేనెవణ్ణి. రెండో కట్టని ఆటో సీటు కింద పెట్టుకున్నాను.

ఉద్యమం మొదలైంది. పొద్దున్నే బయల్దేరి వీధికి ఒక్కసారి చొప్పున మొదటి భాగం చదివేవాణ్ణి. వెనకాల గుమాస్తా ఒకాయన వీధి పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చేవాడు. చేపల బజారులో నేను చదివింది నాకే వినపడలేదు. టిక్కు పడింది. పాతిక ఇళ్ళ కాలనీలో జనమంతా పెళ్ళికి వెళ్ళి ఇళ్ళకు తాళాలున్నాయి. టిక్కు పడింది. పుట్టుచెవుడున్న సూరన్న తాత అరుగు మీద కూర్చుని నన్ను చూసి నవ్వాడు. గుమాస్తా కలం పట్టుకుని ఆలోచనలో పడి ధర్మలింగం గారికి ఫోన్ చేశాడు.

"సదరు వ్యక్తి వినికిడి దూరంలో ఉన్నాడా?" అని అవతలి గొంతు.

"ఉన్నాడండి. వినికిడి మాత్రం లేదండి."

"దూరం మన పరిధిలోనిది. వినికిడి వైద్య శాఖ పరిధిలోనిది. టిక్కు పెట్టు."

రైల్వే గేటు దగ్గర నేను చదువుతుండగా పాసింజరు ఒకటి సిగ్నల్ లేక ఆగింది. గుమాస్తా చురుకైన మనిషి, పెట్టెలన్నీ లెక్కలో వేసుకున్నాడు. దాంతో ఊళ్ళో ఉన్న జనం కంటే చట్టం తెలిసిన జనం ఎక్కువయ్యారు. ఇదెలా అని పై ఆఫీసు అడిగితే, మెరకపేట తన అవసరాలు తీర్చుకుని మిగులు చైతన్యాన్ని పొరుగు జిల్లాలకు ఎగుమతి చేస్తోందని ధర్మలింగం గారు జవాబు రాశారు. పై వాళ్ళు మెచ్చుకున్నారు. మా ఊరిని రాష్ట్రానికే ఆదర్శంగా ప్రకటించి అవార్డు ఇస్తామన్నారు.

ఆదర్శమయ్యాక కొన్ని మార్పులు తప్పవు కదా. కోర్టు పక్కన పేదలకు ఉచితంగా సలహా చెప్పే గది ఒకటుండేది. చట్టం తెలిసిన ప్రజలకు సలహా అవసరం లేదని దాన్ని మూసి, అందులో మెమెంటోలు పెట్టి తాళం వేశారు. పోలీస్ స్టేషన్లో బోర్డు తగిలించారు: "సెక్షను నంబరు చెప్పిన పిదపనే ఫిర్యాదు తీసుకొనబడును." గొలుసు పోయిన ఆవిడ, గొలుసు ఏ సెక్షన్లో పోయిందో తెలియక వరండాలోనే ఉండిపోయింది. ఆమె అరుపులకు విధులకు ఆటంకం కలిగిందని ఆమె మీద మాత్రం కేసు రాశారు. ఆ సెక్షను వాళ్ళకి వచ్చు.

ఇదంతా నాకు తమాషాగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. బండి సంగతి వచ్చేవరకు.

గంటస్తంభం సెంటర్లో నూకరత్నం అని ఇడ్లీ బండి పెట్టుకుని బతికే మనిషి ఉంది. ఆమె మొగుడు సత్యం పడవలు కట్టే వడ్రంగి. పాతబడిన పడవ విప్పిన చెక్కతో ఆ బండి తన చేత్తో చేసిచ్చి, తర్వాత కొంతకాలానికే జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో అత్త పిండి రుబ్బుతుంది, ఈమె బండి మీద వండి పెడుతుంది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు అన్నం తినేది ఆ బండి తిరిగితేనే. నేను పొద్దున్నే ఆటో స్టార్టు చేసే ముందు తినేది కూడా అక్కడే. ఆమె చట్నీలో కారం పొరబాటున కూడా తగ్గదు.

అవార్డు సభకు రాష్ట్రస్థాయి అతిథి వస్తున్నారని సెంటర్లో స్వాగత ద్వారం కట్టాలనుకున్నారు. పైన పెద్ద అక్షరాలతో "చట్టం తెలుసుకో, నిర్భయంగా బతుకు" అని రాయించారు. ద్వారానికి రెండు కాళ్ళుండాలి. ఒక కాలు పెట్టవలసిన చోట నూకరత్నం బండి ఉంది. ఆమె కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి బండి లేదు. ఇడ్లీ పాత్ర, బానెడు పిండి, చట్నీ గిన్నె అన్నీ బండితో సహా మున్సిపల్ ట్రాక్టరు ఎక్కి వెళ్ళిపోయాయి.

నేను వచ్చేసరికి ఆమె బిందె పక్కన పెట్టుకుని బండి ఉండే చోటే నిలబడి ఉంది. పక్కన కూలీలు గొయ్యి తవ్వుతున్నారు.

"అబ్బులన్నయ్యా, రోజూ చట్టం చట్టమని అరుత్తావు కదా. ఆ చట్టంలో నా బండి ఎక్కడుందో కాస్త చూసి చెప్పు," అంది.

ఆమెని ఆటో ఎక్కించుకుని స్టేషనుకి తీసుకెళ్ళాను. అక్కడ రైటరు తలెత్తకుండా అడిగాడు.

"ఏ సెక్షన్ కింద బాధపడుతున్నావమ్మా?"

"బాధకి సెక్షనేటండి? నా బండి పట్టుకుపోయారండి."

"సెక్షన్ తెలీదా?"

"తెలీదండి."

రైటరు అప్పుడు తలెత్తాడు. "మీ వీధికి ఆటో వచ్చిందా?"

"వచ్చిందండి. ఇదిగో, ఈ అన్నయ్యే చదివాడండి."

"వచ్చాక నీకు తెలిసినట్టు. తెలిసి తెలీదంటున్నావంటే అధికారి ముందు అబద్ధం చెప్తున్నట్టు. అదొక నేరం. ఆడకూతురివని వదిలేస్తున్నా, ఇంటికెళ్ళు."

ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఊరంతటికీ వినపడేలా చదివినవాణ్ణి నేనే కదా, సిగ్గేసింది.

అక్కణ్ణించి మున్సిపల్ కమిషనర్ విజయసారథి గారి దగ్గరికి వెళ్ళాం. ఆఫీసు ఆవరణ బయటే ఆటో ఆపుకోవాలి. ఎందుకంటే అక్కడ "నిశ్శబ్ద మండలం, మైకులు నిషిద్ధం" అని బోర్డు ఉంటుంది. లోపల చల్లటి గది, మూసిన అద్దాలు. కిటికీలోంచి చూస్తే పెరట్లో రేకుల షెడ్డు కింద నూకరత్నం బండి కనిపిస్తోంది. ఎండకి పిండి పొంగి బానె అంచు దాటి చెక్క మీద కారుతోంది.

"ఈ విషయం మా దృష్టికి రాలేదు," అన్నారు కమిషనర్ గారు.

"అదిగోనండి బాబుగారూ, మీ కిటికీలోంచి అవుపడతంది."

"కనిపించడం వేరమ్మా, దృష్టికి రావడం వేరు. ఫైలు రూపంలో వస్తేనే దృష్టికి వచ్చినట్టు. అయినా ఆ బండి ఆక్రమణ కింద స్వాధీనమైంది. సభ మర్నాడు వేలం. కట్టెల అడితి వాళ్ళు ఇప్పటికే అడిగారు."

నూకరత్నం కిటికీ వైపు తిరిగింది. "కట్టెలకాండీ?"

"చెక్క మంచిదని చెప్పారు," అన్నారాయన దయగా.

నేను ఉండబట్టలేక అన్నాను. "అయ్యా, బండి తీసేముందు నోటీసివ్వాలని, తీసినవాటికి జాబితా రాసి ఇవ్వాలని ఎక్కడో విన్నట్టు గుర్తండి."

"అటువంటి నిబంధన ఉన్నట్టు మా దృష్టికి రాలేదు."

"మాకు తెలీదంటే కుదరదంట," అంది నూకరత్నం మెల్లగా. "మరి మీకు తెలీదంటే ఎలా కుదురుతాదండీ?"

ఆ ప్రశ్నకు ఆయనకు కోపం రాలేదు. ఇలాంటి ప్రశ్న ఎవరైనా ఎప్పటికైనా అడుగుతారని ఎదురుచూసినట్టు ఓపిగ్గా వివరించారు. "చూడమ్మా, ఉత్తర్వు ప్రకారం విన్నవారికే తెలిసినట్టు. ఇది నిశ్శబ్ద మండలం. ఇక్కడికి మైకు రాదు. నా బంగళా కూడా నిశ్శబ్ద మండలమే. కారు అద్దాలు ఎప్పుడూ వేసే ఉంటాయి. కనుక నేను ఎన్నడూ వినికిడి దూరంలో లేను. ధర్మలింగం గారు ఆ మేరకు ధ్రువపత్రం కూడా ఇచ్చారు."

గోడ మీద ఆ ధ్రువపత్రం ఫ్రేము కట్టి ఉంది.

బయటికి వచ్చాం. నూకరత్నం ఆటోలో వెనక సీట్లో కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. అద్దంలో చూస్తే దవడ బిగించి ఉంది. ఆ బండి కట్టెల అడితికి పోతే మా ఊళ్ళో ఇడ్లీ దొరకదని కాదు. ఆ చెక్క మీద చిత్రిక పడుతున్నప్పుడు సత్యాన్ని నేను చూశాను. వంకర పలక ఒక్కటి కూడా వాడలేదు. అలాంటి చెక్కని పొయ్యిలో పెడతారట.

అధికార్ల కట్ట ఒకటి చదవనివ్వలేదని ఎప్పుడో ఇడ్లీ తింటూ ఆమెకి చెప్పాను. "సీటు కింద ఏదో కట్ట ఉందంటివి కదా. తీసి చదువు," అంది.

రెండో భాగం విప్పాను. రోడ్డు పక్కన ఆటో ఆపి, మైకు లేకుండా, మామూలు గొంతుతో చదివాను. ముందస్తుగా రాతపూర్వకమైన నోటీసు ఇవ్వకుండా చిరువ్యాపారి బండిని తొలగించరాదు. స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువుకూ జాబితా రాసి సంతకం చేసి అప్పుడే ఇవ్వాలి. చెడిపోయే తినుబండారాలు అదే రోజు తిరిగి అప్పగించాలి. ఫిర్యాదు చేయవచ్చినవారిని సెక్షను తెలియదని తిప్పి పంపరాదు. కట్ట చిన్నదే కాబట్టి తొందరగానే అయిపోయింది.

ఆమె అంతా విని అంది. "బాగుంది. కానీ ఇది నాకు చదివితే ఏం లాభం అన్నయ్యా? నోటీసిచ్చేదాన్ని నేను కాదు కదా. ఎవరివ్వాలో ఆళ్ళ చెవిలో పడాలి."

"వాళ్ళ దగ్గరికి మైకు పోనివ్వరుగా."

"మైకు ఆళ్ళ దగ్గరికి పోకూడదు. ఆళ్ళే మైకు దగ్గరికి వత్తే?"

ఆళ్ళు మైకు దగ్గరికి ఎప్పుడొస్తారు? సభలకి వస్తారు. దండలున్న చోటికి తప్పకుండా వస్తారు.

అవార్డు సభ హైస్కూలు మైదానంలోనే పెట్టారు. గంటస్తంభం దగ్గర స్వాగత ద్వారం నిలబడింది. దాని కింద నుంచి కార్లన్నీ వచ్చాయి. వేదిక మీద మధ్యలో రాష్ట్రస్థాయి అతిథి, అటు ధర్మలింగం గారు, ఇటు కమిషనర్ గారు, ఆ వరసలోనే స్టేషన్ ఆఫీసరు, తక్కిన శాఖలవాళ్ళు. రైటరు వేదిక పక్కన నిలబడి ఉన్నాడు. అందరి మెడల్లోనూ బంతిపూల దండలు. కింద జనం. ముందు వరసలో నూకరత్నం, ఆమె అత్త. మైకు దగ్గర నేను. శాలువా మడత పెట్టి బల్ల మీద సిద్ధంగా ఉంది.

ధర్మలింగం గారు అతిథికి మహోద్యమ పద్ధతిని కళ్ళారా చూపించాలనుకున్నారు. కాలవ అవతల టీ కొట్టు కప్పు మీద కోదండాన్ని ఎర్ర తువ్వాలుతో ఎక్కించారు. అతను తువ్వాలు ఊపుతున్నంతసేపూ అక్కడిదాకా అందరూ విద్యావంతులవుతున్నట్టు అతిథికి చూపించాలని వారి ఏర్పాటు.

"మన ప్రచారకుడు అబ్బులు ముందుగా ఉత్తర్వు చదివి, అటుపిమ్మట నమూనాగా చట్టంలోని కొంత భాగం వినిపిస్తాడు," అని ప్రకటించారు.

ఉత్తర్వు చదివాను. విన్నవాడుగానూ, తెలిసినవాడుగానూ, తెలియదని చెప్పు అర్హత కోల్పోయినవాడుగానూ భావింపబడును. అతిథి తల ఊపారు. దూరాన తువ్వాలు ఊగింది. చప్పట్లు కొట్టారు.

ఏ భాగం వినిపించాలో ధర్మలింగం గారు చెప్పలేదు. రెండో కట్ట తీశాను.

"చిరువ్యాపారి బండిని తొలగించు అధికారి ముందుగా రాతపూర్వకమైన నోటీసు ఇవ్వవలెను," అని మొదలుపెట్టాను.

మొదటి వాక్యానికి ఎవరూ కదల్లేదు. మైకులోంచి వచ్చే మాటల్ని వేదిక మీదున్నవాళ్ళు వినే అలవాటు లేదు కాబట్టి. రెండో వాక్యం మధ్యలో విజయసారథి గారి మెడ బిగుసుకుంది. చల్లటి గది, మూసిన అద్దాలు ఏవీ తన చుట్టూ లేవన్న సంగతి ఆయన దృష్టికి వచ్చినట్టుంది. రెండు చేతులూ చెవుల మీదికి వెళ్ళాయి. అతిథి పక్కనే ఉన్నారని గుర్తొచ్చి, జుట్టు సర్దుకుంటున్నట్టు కిందికి వచ్చాయి.

"అధికారి స్వాధీనపరచుకొన్న ప్రతి వస్తువునకు జాబితా రాసి అక్కడికక్కడే ఇవ్వవలెను."

కమిషనర్ గారు ఫోన్ వచ్చినట్టు లేచి మెట్లు దిగారు. దండ తీయడం మర్చిపోయారు. పక్కనున్న అధికార్లు ఆయన ఎందుకు లేచారో ఒక్క క్షణం ఆలోచించి, అర్థమై, ఒకరి వెనక ఒకరు ఫోన్లు చెవికి పెట్టుకుని దిగడం మొదలుపెట్టారు. ఎవరి ఫోనూ మోగలేదు. బంతిపూల దండలతో ఆ వరస అంతా మైదానం గేటు వైపు గబగబా నడిచింది, రైస్ మిల్లు దగ్గరికి వచ్చేసరికి పరుగైంది. జనం కుర్చీలెక్కి చూశారు.

కమిషనర్ గారు కారు దగ్గరికి చేరేసరికి డ్రైవరు గాలి కోసం నాలుగు అద్దాలూ దించుకుని నిద్రపోతున్నాడు. ఇక కారును నమ్మకుండా ఆయన వంతెన వైపే పరిగెత్తారు.

"చెడిపోవు తినుబండారములు అదే రోజు తిరిగి అప్పగించవలెను," అని నేను గొంతు పెంచాను. కుళాయి నీళ్ళు బందు చెప్పేటప్పుడు వాడే గొంతు అది. ఊరి చివరి ఇంటిదాకా వెళ్తుంది.

కాలవ అవతల టీ కొట్టు కప్పు మీద తువ్వాలు ఊగుతూనే ఉంది. కోదండం అమాయకుడో, ఇన్నేళ్ళ నౌకరీలో అతనికీ కొన్ని గుర్తున్నాయో నాకు తెలియదు. అధికార్లు వంతెన దాటి గుంజ దగ్గరికి వస్తుండగా, బాగా వినపడేలా చెప్పాడట: "అయ్యా, ఇక్కడిదాకా బ్రహ్మాండంగా ఇనపడతందండి." గుంజ దాటితే అటుపక్క పొలంలో మోకాలి లోతు బురద. అందరూ గుంజకి ఇవతలే ఆగిపోయారు. నేను కట్ట పూర్తిగా చదివేవరకు అక్కడే రొప్పుతూ నిలబడ్డారు. వాళ్ళు తిరిగి వేదిక మీదికి వచ్చేసరికి దండల్లో పూల కంటే దారాలే ఎక్కువ కనిపించాయి.

అతిథికి మాత్రం చాలా సంతోషమైంది. అధికార్లు స్వయంగా వెళ్ళి వినికిడి దూరాన్ని తనిఖీ చేసి వచ్చారనుకున్నారు పాపం.

"ఎంత అంకితభావం. కమిషనర్ గారూ, మీకు చివరిదాకా వినపడిందా?"

అప్పుడు నూకరత్నం లేచి నిలబడింది. నేను మైకు ఆమె వైపు తిప్పాను.

"బాబుగారూ, ఇప్పుడు తెలిసిందాండీ?" అంది.

మైదానమంతా కమిషనర్ గారి నోటి వైపు చూస్తోంది. దృష్టికి రాలేదు అనే మాట ఆయన పెదాల దాకా వచ్చింది, నేను కళ్ళారా చూశాను. కానీ విని తెలియదనడం అబద్ధం కింద వస్తుందని ఊళ్ళో అందరికీ చెప్పి పంపిన రైటరు అక్కడే ఉన్నాడు.

"పరిశీలించి తగు చర్యలు..." అని మొదలుపెట్టారాయన.

"పరిశీలన తర్వాతండి. తెలిసిందా, తెలీదా?" అంది నూకరత్నం అత్త కూర్చునే.

"తెలిసింది," అన్నారు కమిషనర్ గారు. మైకు దగ్గరగానే ఉంది కాబట్టి ఆ మాట కాలవ దాటింది. దూరాన తువ్వాలు ఊగింది.

ఆ సాయంత్రమే బండి తిరిగొచ్చింది. పిండి బానె కడిగి ఇచ్చారు కూడా. జాబితా మీద సంతకం చేస్తూ కమిషనర్ గారు చట్నీ గిన్నె అన్న చోట కాసేపు ఆగారట. స్వాగత ద్వారం కాలు ఎక్కడ పెట్టాలన్న సమస్య వచ్చింది. సభ అయిపోయింది కదా, ద్వారమే పీకేశారు.

నా సంగతి అడుగుతారా? శాలువా మడత విప్పకుండానే జిల్లా కేంద్రానికి తిరిగి వెళ్ళిపోయింది, ధర్మలింగం గారితో పాటు. వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. వినికిడి దూరమనునది సాంకేతిక పొరపాటు వలన నిర్ణయింపబడినదని, మెరకపేట ప్రజలకు చట్టం తెలిసినట్టు భావించుట తక్షణమే నిలుపుదల చేయబడినదని దాని సారాంశం. అధికార్లకు తెలిసిందన్న సంగతి ఎలా వెనక్కి తీసుకోవాలో మాత్రం ఎవరికీ తోచలేదంటున్నారు. ఇంకా రాస్తున్నారట. ఆ సందులో స్టేషన్లో బోర్డు దిగింది. గొలుసు పోయిన ఆవిడ ఫిర్యాదు తీసుకున్నారు. మెమెంటోల గదికి తాళం తీసి సలహాలు చెప్పే ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టారు. ఆయన మెమెంటోల మధ్యలోనే కూర్చుని చెబుతున్నాడు, వాటిని ఎక్కడ పెట్టాలో ఉత్తర్వు రాలేదు.

మున్సిపాలిటీ నాకు పని ఇవ్వడం మానేసింది. చీరల కొట్టు, సినిమా హాలు ఉన్నాయి కాబట్టి పస్తు లేదు. నూకరత్నం మాత్రం నాకు కొత్త పని ఒకటి పెట్టింది. పొద్దున్నే తినేముందు, మైకు లేకుండా, బండి పక్కన నిలబడి రెండో భాగంలోంచి ఒక పేజీ చదవాలి. తినేవాళ్ళు వింటారు. మొదట్లో నవ్వేవాళ్ళు. ఇప్పుడు కొందరు ఇడ్లీ చేత్తో పట్టుకుని, ఆ ముక్క మళ్ళీ చదవండి అంటున్నారు. స్టేషను రైటరు కూడా ఒకరోజు రెండో ప్లేటు అయ్యేదాకా నిలబడి విన్నాడు.

కమిషనర్ గారికీ ఆ ఇడ్లీలు నచ్చాయట. ఆయన మాత్రం ఎప్పుడూ రారు. నేను చదవడం అయిపోయిందో లేదో కోదండం దూరం నుంచే కనుక్కుని, అయ్యాక వచ్చి పార్సిల్ కట్టించుకుని వెళ్తాడు.